మందుల వాడకంపై పరిశోధన ఎలా చేయాలో పీహెచ్‌సీ సిబ్బందికి నేర్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీరు జిల్లా ఆసుపత్రిలో ఫార్మసీ ఆఫీసర్. చుట్టుపక్కల పీహెచ్‌సీల నుంచి వచ్చే 24 మందికి, అంటే డాక్టర్లు, ఫార్మసిస్టులు, స్టాఫ్ నర్సులు అందరికీ కలిపి, మందుల వాడకాన్ని ఎలా పరిశోధించాలో మూడు రోజులు శిక్షణ ఇవ్వమన్నారు. గణాంకశాస్త్రంతో మొదలుపెట్టాలా, ఏ సాఫ్ట్‌వేర్ నేర్పాలి, మూడు రోజులు సరిపోతాయా అని అడిగారు.

సూటిగా చెబుతాను. గణాంకాలతో మొదలుపెట్టకండి. సాఫ్ట్‌వేర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. మొదటి రోజు మధ్యాహ్నానికల్లా ప్రతి ఒక్కరి చేతిలో ఒక ఫారం, ముందు 30 ఓపీ చీటీలు ఉండాలి. రెండో రోజు పొద్దున వాళ్లు ఓపీలో, మందుల కౌంటర్ దగ్గర నిలబడి సమాచారం సేకరించాలి. మూడో రోజును వరసగా పెట్టకండి, ఆరు వారాల తర్వాతకు దాచుకోండి. పై అధికారులను ఒప్పించాల్సి వస్తే ఈ ఒక్క విషయం మీదే గట్టిగా నిలబడండి. నేను ప్రభుత్వ వైద్య కళాశాలలో ఫార్మకాలజీ చెబుతూ ఇరవై ఏళ్లకు పైగా ఇలాంటి శిక్షణలు ఇచ్చాను. వరసగా మూడు రోజులు హాల్లో కూర్చోబెట్టిన బ్యాచ్‌ల నుంచి ఒక్క పూర్తయిన అధ్యయనం కూడా రాలేదు. మధ్యలో విరామం ఇచ్చి, తమ సొంత లెక్కలు తీసుకుని రమ్మన్న బ్యాచ్‌ల నుంచి వచ్చాయి.

ఇక కారణాలు, జాగ్రత్తలు.

మీరు కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. 1985లో నైరోబీలో ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపిన నిపుణుల సమావేశం మందుల హేతుబద్ధ వినియోగం అంటే ఏమిటో నిర్వచించింది: రోగి అవసరానికి తగిన మందు, తగిన మోతాదులో, తగినంత కాలం, రోగికీ సమాజానికీ వీలైనంత తక్కువ ఖర్చులో. బాగానే ఉంది, కానీ అది జరుగుతోందో లేదో కొలవడం ఎలా? దానికి 1993లో ఆ సంస్థే, ఇన్‌రడ్ అనే అంతర్జాతీయ నెట్‌వర్క్‌తో కలిసి 12 ముఖ్య సూచికలు ఇచ్చింది. ఐదు మందులు రాయడం గురించి, ఐదు రోగికి అందే సేవ గురించి, రెండు ఆరోగ్య కేంద్రం గురించి. ఒక్కో రోగికి సగటున ఎన్ని మందులు రాశారు, జనరిక్ పేరుతో రాసినవి ఎంత శాతం, యాంటీబయాటిక్ రాసిన చీటీలు ఎంత శాతం, ఇంజెక్షన్ ఉన్నవి ఎంత శాతం, అత్యవసర మందుల జాబితాలోంచి రాసినవి ఎంత శాతం. ఇవీ మొదటి ఐదు. ఒక ఏఎన్‌ఎం అయినా పెన్నూ కాగితంతో లెక్కించగలదు. అందుకే మొదటి పాఠానికి ఇంతకంటే మంచి సాధనం నాకు ఇప్పటికీ దొరకలేదు.

చూడటానికి సులువుగా ఉంటుంది. శిక్షణ మొదలయ్యేది ఆ సులువు పోయిన చోట.

మొదటి రోజు నేను చేయించే పని ఇది. పేర్లు తీసేసిన 30 పాత చీటీల నకళ్లు అందరికీ ఒకే కట్టగా ఇస్తాను. ఇద్దరిద్దరిని జతగా కూర్చోబెట్టి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఐదు సూచికలూ లెక్కించమంటాను. అరగంట తర్వాత అందరి జవాబులూ బోర్డు మీద రాస్తాను. ఒకసారి ఇలాగే ఒక బ్యాచ్‌లో సగటు మందుల సంఖ్య ఒకరికి 2.6 వచ్చింది, పక్కనే కూర్చున్నావిడకు 3.4 వచ్చింది. చీటీలు అవే, ఇద్దరూ లెక్కల్లో గట్టివాళ్లే. కారణం తవ్వితే తేలింది: ఒకరు పూత మందులూ ఓఆర్ఎస్ ప్యాకెట్లూ లెక్కలోకి తీసుకోలేదు, ఇంకొకరు రెండు మందులు కలిసిన మాత్రను రెండుగా లెక్కపెట్టారు. ఆ బోర్డు ముందు జరిగే వాదన నా రెండు గంటల లెక్చర్ కంటే ఎక్కువ నేర్పుతుంది. పరిశోధనలో మొదటి నైపుణ్యం లెక్కించడం కాదు, దేన్ని లెక్కించాలో ముందే రాసిపెట్టుకోవడం.

ఆ వాదనలో తప్పకుండా వచ్చేవి కొన్ని చెబుతాను, ముందే సిద్ధంగా ఉండండి.

కలయిక మాత్ర: ఆ 1993 పద్ధతి ప్రకారం ఒక మందుగానే లెక్క. టీకాలు: ఇంజెక్షన్ల లెక్కలోకి రావు. సెలైన్ సంగతి మీరే తేల్చుకుని ఫారం మీద రాయండి. జనరిక్ పేరు: పారాసెటమాల్ అని రాస్తే జనరిక్, డోలో అని రాస్తే బ్రాండ్. మరి మన డాక్టర్లందరూ రాసే 'పీసీఎం'? ఇలాంటి పొట్టి రాతలకు ముందే ఒక జాబితా తయారు చేసుకోకపోతే ఆ సూచిక పనికిరాదు.

అన్నిటికంటే చిక్కు మెట్రోనిడాజోల్‌తో వస్తుంది. విరేచనాల కేసుల్లో దాన్ని విరివిగా రాస్తారు. యాంటీబయాటిక్ కింద లెక్కపెడితే మీ శాతం ఒకలా వస్తుంది, వదిలేస్తే ఇంకోలా వస్తుంది. మందులను గుంపులుగా విడదీసే అంతర్జాతీయ పద్ధతి అయిన ఏటీసీ వర్గీకరణలో కూడా నోటి ద్వారా ఇచ్చే మెట్రోనిడాజోల్ పరాన్నజీవుల మందుల గుంపులో, అంటే పీ01లో ఉంటుంది. సెలైన్‌లా ఎక్కించేది మాత్రం జే01లో, బ్యాక్టీరియా మందులతో ఉంటుంది. ఏది ఎంచుకున్నా తప్పు లేదు. ఎంచుకున్నది రాసిపెట్టాలి, రెండోసారి లెక్కించినప్పుడు కూడా అదే పాటించాలి. పక్క జిల్లా వాళ్లు వేరే నియమం పెట్టుకుంటే వాళ్ల అంకెతో మీ అంకెను పోల్చకూడదు.

అత్యవసర మందుల జాబితా అంటే ఏ జాబితా అన్నది కూడా అడుగుతారు. 2022 జాతీయ జాబితాలో 384 మందులున్నాయి, కానీ మీ పీహెచ్‌సీకి సరఫరా అయ్యేది రాష్ట్ర మందుల సరఫరా సంస్థ జాబితా ప్రకారం. నేనైతే సరఫరా జాబితానే తీసుకోమంటాను, ఎందుకంటే డాక్టర్ చేతిలో ఉన్నది అదే.

నమూనా విషయంలో ఒక్క లెక్క చూపిస్తే చాలు. 30 చీటీలు చూసి 50 శాతంలో యాంటీబయాటిక్ ఉందని చెబితే, ఆ అంకె అటూ ఇటూ 18 పాయింట్ల దాకా ఊగవచ్చు, అంటే అసలు విలువ 32 కావచ్చు, 68 కావచ్చు. 100 చీటీలు చూస్తే ఆ ఊగు 10 పాయింట్లకు తగ్గుతుంది, 600 చూస్తే 4కు. ఇది బోర్డు మీద వేయగానే "మా పీహెచ్‌సీ మీ పీహెచ్‌సీ కంటే మెరుగు" అనే మాటలు ఆగిపోతాయి. జిల్లా మొత్తానికి చెప్పాలంటే కనీసం 20 కేంద్రాల నుంచి 30 చొప్పున 600 తీసుకోవాలని ఆ పద్ధతి చెబుతుంది. ఒక్క ఆసుపత్రినే లోతుగా చూడాలంటే కనీసం 100. అయితే ఒకే డాక్టర్ రాసిన 30 చీటీలు ఒకదాన్ని ఒకటి పోలి ఉంటాయి, ఆయన అలవాటే అన్నింటిలోనూ కనిపిస్తుంది. కాబట్టి 600 ఉన్నా అసలు ఊగు 4 కంటే ఎక్కువే ఉంటుంది. చీటీలు పెంచడం కంటే కేంద్రాలు పెంచడం మేలు అని చెప్పేది అందుకే. శిక్షణలో గణాంకాలు ఇంతవరకు చాలు. పీ విలువల (తేడా కాకతాళీయమా అని చూసే గణాంక కొలత) గురించి ఎవరైనా అడిగితే టీ విరామంలో చెప్పండి.

చీటీలు ఏ రోజువి తీసుకోవాలి? వానాకాలంలో జ్వరాల ఓపీ, ఎండాకాలంలో ఓపీ ఒకటి కాదు. కుదిరితే ఏడాది పొడవునా ఓపీ రిజిస్టర్ నుంచి సమాన దూరంలో పేర్లు ఎంచుకోవాలి. మన దగ్గర ఇబ్బంది ఏమిటంటే, చాలా చోట్ల రిజిస్టర్‌లో జబ్బు పేరు ఉంటుంది కానీ మందుల వివరం రోగి తీసుకెళ్లే చీటీ మీదే ఉంటుంది. అప్పుడు వెనక్కి వెళ్లి చూడటం కుదరదు, ఆ రోజు వచ్చినవాళ్లనే చూడాలి. చూస్తున్నారని తెలిస్తే డాక్టర్ కాస్త జాగ్రత్తగా రాస్తారు, అది మానవ సహజం. నేను చేసేదేమిటంటే, మొదటి రోజు చీటీలు సేకరిస్తాం కానీ లెక్కలోకి తీసుకోం. రెండు మూడు రోజులయ్యాక అందరూ మామూలు పద్ధతిలోకి వచ్చేస్తారు. సోమవారం ఒక్కరోజే వెళ్లి సేకరించి రావడం, బీపీ షుగర్ క్లినిక్ పెట్టిన రోజు చీటీలను జ్వరాల చీటీలతో కలిపేయడం, ఈ రెండు తప్పులూ దాదాపు ప్రతి బ్యాచ్‌లో చూశాను.

రెండో రోజు ఓపీలో గడిపే ఉదయం గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే చాలామంది శిక్షకులు దీన్ని వదిలేస్తారు.

డాక్టర్ గదిలో ఒకరు గడియారంతో కూర్చుంటారు, రోగి లోపలికి వచ్చి బయటకు వెళ్లేదాకా పట్టిన సమయం రాస్తారు. కౌంటర్ దగ్గర ఇంకొకరు మందులిచ్చే సమయం రాస్తారు. వరసలో నిలబడ్డ సమయం దీనిలో కలపకూడదు. మూడోవారు గేటు దగ్గర రోగిని ఆపి, చేతిలో ఉన్న మందులు ఒక్కొక్కటీ చూపించి అడుగుతారు. ఇక్కడ అడిగే తీరు నేర్పాలి. "ఎలా వేసుకోవాలో తెలుసా?" అంటే అందరూ తెలుసనే అంటారు. "ఇది ఇంటికెళ్లాక ఎప్పుడు వేసుకుంటారమ్మా? ఎన్ని? ఎన్ని రోజులు?" అని అడగాలి. మాట కూడా ఊరిని బట్టి మారాలి. ఒకచోట మాత్ర అంటారు, ఒకచోట బిళ్ళ, ఇంకోచోట గోలీ. హైదరాబాద్ బస్తీ దవాఖానాలో అయితే ఉర్దూ వచ్చినవాళ్లు కావాలి, ఆదిలాబాద్ గూడేల్లో గోండీ వచ్చినవాళ్లు కావాలి. ఫారం తెలుగులోనే తయారు చేసి, నలుగురైదుగురు రోగుల మీద ముందు ప్రయోగించి చూడండి.

ఒక పీహెచ్‌సీ గేటు దగ్గర మా బ్యాచ్‌లోని స్టాఫ్ నర్సు ఒక పెద్దావిడను ఇలాగే అడిగింది. కవరు మీద 1-0-1 అని రాసి ఉంది. ఆవిడ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని సరిగ్గానే చెప్పింది. నర్సు ఊరుకోకుండా మధ్యలో సున్నా ఎందుకు పెట్టారని అడిగింది. "మధ్యాహ్నం ఏమీ తినొద్దని గదమ్మా" అంది ఆవిడ. పోయిన నెల నుంచీ మధ్యాహ్నం అన్నం మానేసింది. షుగర్ మాత్రలు వేసుకుంటూ. ఆ నర్సు మధ్యాహ్నం హాల్లోకి వచ్చి ఈ సంగతి చెప్పినప్పుడు అక్కడున్న ఫార్మసిస్టుల ముఖాలు నేను మర్చిపోలేదు. ఫారంలోని గడి ప్రకారం ఆవిడ మోతాదు తెలిసిన రోగే, ఆ గడిలో టిక్కు పడుతుంది. అంకె ఎక్కడ ఆగిపోతుందో, ప్రశ్న ఎక్కడ మొదలవుతుందో నేర్పడానికి నేను ప్రతి బ్యాచ్‌కూ ఈ కేసే చెబుతున్నాను.

ఇంకో ముఖ్య విషయం: సూచికలు "ఎంత" అని చెబుతాయి, "ఎందుకు" అని చెప్పవు. శిక్షణలో కనీసం పావు వంతు "ఎందుకు"కి ఇవ్వండి. ఇంటర్వ్యూ చేయడం, బృంద చర్చ నడపడం, పక్కన నిలబడి గమనించడం. బృంద చర్చకు ఆరుగురి నుంచి పది మంది చాలు, ఒకే స్థాయివాళ్లు ఉండాలి. మెడికల్ ఆఫీసర్‌నీ ఆయన కింద పనిచేసే ఫార్మసిస్టునూ ఒకే గుంపులో కూర్చోబెడితే ఫార్మసిస్టు నోరు తెరవడు.

దీనికి నేను చెప్పే ఉదాహరణ ఇండోనేషియాది. అక్కడి ఆరోగ్య కేంద్రాల్లో ఇంజెక్షన్ల వాడకం విపరీతంగా ఉండేది. ఎందుకని అడిగితే "రోగులే అడుగుతారు, వేయకపోతే ఊరుకోరు" అన్నారు సిబ్బంది. మన దగ్గరా ఇదే మాట, "సూది వేయకపోతే ఆర్ఎంపీ దగ్గరికి పోతారు సార్" అంటారు. అక్కడి పరిశోధకులు లెక్చర్ ఇవ్వలేదు. మందులు రాసేవాళ్లనూ రోగులనూ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించారు. రోగులు సిబ్బంది అనుకున్నంతగా సూది కోరుకోవడం లేదని అక్కడే తేలింది. 1996లో వాళ్లు ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఆ చర్చ జరిగిన కేంద్రాల్లో ఇంజెక్షన్లు సుమారు 70 శాతం నుంచి 42 శాతానికి తగ్గాయి. చర్చ జరగని కేంద్రాల్లో తగ్గుదల అంతకంటే చాలా తక్కువ. అంటే ముందు అంకె, తర్వాత కారణం, ఆ కారణాన్ని తాకే పని, మళ్లీ అంకె. మీ 24 మందికి ఈ వరస తలకెక్కితే మిగతావి పుస్తకం చూసి నేర్చుకోగలరు.

ఏటీసీ, డీడీడీ పద్ధతి నేర్పాలా అనే సందేహం మీకు వచ్చే ఉంటుంది. మీది జిల్లా ఆసుపత్రి, ఇన్‌పేషెంట్లు ఉంటారు కాబట్టి నేర్పండి, కానీ ఫార్మసిస్టులకు విడిగా ఒక పూట. డీడీడీ అంటే ఒక మందును దాని ప్రధాన అవసరానికి పెద్దవాళ్లలో రోజుకు సగటున వాడే మోతాదుగా అనుకున్న ఒక కొలత. ఓస్లోలో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ కేంద్రం దీన్ని నిర్వహిస్తుంది. కొలత మాత్రమే, వాడమని చేసిన సిఫారసు కాదు. సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్‌కు డీడీడీ 2 గ్రాములు. మీ 100 పడకల వార్డుల్లో 80 శాతం నిండి ఉన్న 30 రోజుల నెలలో 1 గ్రాము వయల్స్ 600 వాడారనుకోండి. 600 గ్రాములను 2తో భాగిస్తే 300 డీడీడీలు. నిండిన పడకలు 80, 30 రోజులకు పడక రోజులు 2,400. అంటే 100 పడక రోజులకు 12.5 డీడీడీలు. ఈ లెక్క వాళ్ల సొంత స్టాక్ రిజిస్టర్‌తో ఒక్కసారి చేయిస్తే చాలు.

దీనిలో మూడు గోతులున్నాయి. పిల్లల వార్డుకు డీడీడీ పనికిరాదు, ఎందుకంటే అది పెద్దల మోతాదు మీద కట్టిన కొలత. స్టోర్ నుంచి వార్డుకు ఇష్యూ చేసినదంతా రోగికి వెళ్లినట్టు కాదు, ఈ-ఔషధిలో (మందుల స్టాక్ నమోదు చేసే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ) కనిపించేది ఇష్యూ మాత్రమే. మూడోది, విలువలు అప్పుడప్పుడు మారతాయి. నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్‌కు డీడీడీ 2019లో 1 గ్రాము నుంచి 1.5 గ్రాములైంది. 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్స్ వెయ్యి వాడితే పాత లెక్కలో 500 డీడీడీలు, కొత్త లెక్కలో 333. మీ ఆసుపత్రిలో ఒక్క క్యాప్సూల్ కూడా తగ్గకుండానే గ్రాఫ్ మూడో వంతు పడిపోతుంది. ఏళ్లు పోల్చేటప్పుడు అన్నేళ్లకూ ఒకే విలువ వాడాలి.

యాంటీబయాటిక్స్ మీదే దృష్టి పెట్టాలనుకుంటే ఇంకో తేలికైన మార్గం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో వాటిని యాక్సెస్, వాచ్, రిజర్వ్ అని మూడు గుంపులు చేసింది. అమాక్సిసిలిన్, డాక్సీసైక్లిన్ యాక్సెస్‌లో ఉన్నాయి, అంటే మొదట వాడదగ్గవి. రిజర్వ్ అంటే చివరి ఆయుధంగా దాచుకోవాల్సినవి. అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్, సిప్రోఫ్లాక్సాసిన్ వాచ్‌లో ఉన్నాయి, అంటే ఆచితూచి వాడాల్సినవి. ప్రపంచ దేశాలు 2024లో ఐక్యరాజ్యసమితి వేదికగా, 2030 నాటికి వాడకంలో కనీసం 70 శాతం యాక్సెస్ గుంపువే ఉండాలని లక్ష్యం పెట్టుకున్నాయి. ఈ గుంపుల మందులు మన జలుబు, గొంతునొప్పి చీటీల్లో ఏ మేరకు కనిపిస్తాయో మీ వాళ్లనే లెక్కించనివ్వండి. చీటీల మీద రంగు పెన్సిళ్లతో గుర్తు పెట్టిస్తే పదిహేను నిమిషాల పని.

ఇప్పుడు ఒక హెచ్చరిక. మీ వాళ్లు ఇంటర్నెట్‌లో వెతికితే "డబ్ల్యూహెచ్‌ఓ ప్రమాణం: మందుల సగటు 1.6 నుంచి 1.8, యాంటీబయాటిక్స్ 20 నుంచి 26.8 శాతం" అని లెక్కలేనన్ని పేపర్లలో కనిపిస్తుంది. 1993 పద్ధతిలో అలాంటి ప్రమాణాలేవీ లేవు. ఆ విలువలు ఆ తర్వాత నైజీరియాలో పనిచేసిన పరిశోధకులు ప్రతిపాదించినవి. వాటిని మన జిల్లాకు కొలబద్దగా పెట్టి "మా డాక్టర్లు ఫెయిల్" అని రాయడం అన్యాయం. బీపీ, షుగర్ రెండూ ఉన్న రోగికి నాలుగు మందులు రాస్తే అది సరైన వైద్యమే కావచ్చు. మీ పోలిక మీ నిన్నటితో ఉండాలి, లేదా మీలాంటి రోగులే వచ్చే కేంద్రంతో ఉండాలి.

ఇంకో పొరపాటు నేనే చేశాను కాబట్టి చెబుతున్నాను. ఒక శిక్షణ తర్వాత మూడు నెలలకు ఆ కేంద్రాల్లో యాంటీబయాటిక్స్ బాగా తగ్గాయి. సంతోషంగా రిపోర్టు కూడా రాశాను. అందులో పనిచేసే ఒక ఫార్మసిస్టు నెమ్మదిగా వచ్చి "సార్, ఆ మూడు నెలల్లో రెండు నెలలు అమాక్సిసిలిన్ సరఫరా లేదు" అన్నాడు. నేను స్టాక్ చూడనేలేదు. ఆ రిపోర్టు వెనక్కి తీసుకున్నాను. అప్పటి నుంచి 12 సూచికల్లో ముఖ్యమైన మందుల లభ్యత అనే ఆఖరిదాన్ని ఎవరినీ వదలనివ్వను, శిక్షణ పొందని కొన్ని కేంద్రాలను కూడా పక్కన పెట్టుకుని అవే నెలల్లో కొలవకుండా "శిక్షణ వల్ల తగ్గింది" అని రాయనివ్వను. ముందూ వెనకా ఒక్కోసారి కొలవడం కంటే నెలనెలా కొలిచి గోడ మీద గ్రాఫ్ గీయడం చాలా మేలు.

పేర్లు బయటపెట్టకండి. ఇది నేను అన్నిటికంటే గట్టిగా చెప్పే మాట. ఒకచోట మా బ్యాచ్ సేకరించిన ఫలితాలను డాక్టర్ల పేర్లతో సహా సమీక్షా సమావేశంలో తెర మీద వేశారు. నాకు తెలియకుండా జరిగింది, కానీ ముందే రాతపూర్వకంగా మాట తీసుకోకపోవడం నా తప్పే. తర్వాతి విడతలో చీటీలన్నీ అద్దంలా ఉన్నాయి, రెండే మందులు, ఒక్క యాంటీబయాటిక్ లేదు. మిగతావి విడి తెల్లకాగితం మీద రాసి బయటి మెడికల్ షాపుకు పంపుతున్నారని తర్వాత తెలిసింది. మా లెక్కలు పాడైతే మళ్లీ చేసుకోవచ్చు. కానీ రోగులు జేబులోంచి డబ్బు పెట్టి కొన్నారు, ఆ నష్టం మా వల్ల జరిగింది. కాబట్టి డాక్టర్‌కూ కేంద్రానికీ కోడ్ నంబర్లు ఇవ్వండి. ఎవరి ఫలితం వాళ్లకు మూసిన కవరులో ఇవ్వండి, అందరి సగటు మాత్రమే సమావేశంలో చెప్పండి. రోగి పేరు, ఫోన్ నంబరు ఫారంలోకే రాకూడదు, ఫోన్‌తో చీటీ ఫొటో తీయడం కూడా వద్దు. ప్రచురించే ఉద్దేశం ఉంటే మొదలుపెట్టకముందే ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోండి, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు చదివి వెళ్లండి. మెడికల్ షాపుకు రోగిలా వేషం వేసి వెళ్లి అడిగే పద్ధతి ఒకటి ఉంది, ఉపయోగకరమైనదే, కానీ కొత్తవాళ్లతో చేయించకండి.

సాఫ్ట్‌వేర్: ఎక్సెల్ చాలు. రెండు షీట్లు పెట్టించండి, ఒకదానిలో వరుసకు ఒక రోగి, రెండోదానిలో వరుసకు ఒక మందు, రెండింటినీ కలిపే క్రమసంఖ్య. ఎందుకంటే జనరిక్ శాతానికి హారం మొత్తం మందులు, యాంటీబయాటిక్ శాతానికి హారం మొత్తం రోగులు. ఈ రెండు హారాలు కలిసిపోవడమే నేను దిద్దిన రిపోర్టుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన తప్పు. మీ బృందంలో ఫార్మ్‌డీ చదివినవాళ్లుంటే ఈ పని వాళ్లకు అప్పగించండి, వాళ్లకు చదువులోనే కొంత అలవాటై ఉంటుంది.

రెండో రోజు సాయంత్రం ఇంటికి పంపేముందు ముగ్గురేసి బృందాలుగా విడదీయండి: ఒక డాక్టర్, ఒక ఫార్మసిస్టు, ఒక నర్సు, కుదిరితే ఒకే పీహెచ్‌సీ నుంచి. ప్రతి బృందం ఒక్క ప్రశ్న ఒక్క వాక్యంలో రాసివ్వాలి. "మా మండలంలో యాంటీబయాటిక్ వాడకం" అనేది ప్రశ్న కాదు. "మా పీహెచ్‌సీలో ఐదేళ్లలోపు పిల్లలకు విరేచనాలైతే ఎంతమందికి ఓఆర్ఎస్, జింక్ రెండూ ఇస్తున్నాం, ఎంతమందికి యాంటీబయాటిక్ ఇస్తున్నాం?" అన్నది ప్రశ్న. ఆరు వారాల్లో 100 చీటీలు, పది మంది రోగులతో లేదా తల్లులతో మాటలు. మూడో వారంలో మీరు ఫోన్ చేయాలి. వాట్సాప్ గ్రూపు చాలదు, ఒక్కో బృందానికీ ఫోన్ చేసి మాట్లాడాలి. నా అనుభవంలో ఆగిపోయే బృందాలు మూడో వారంలోనే ఆగిపోతాయి, కారణం కూడా సాధారణంగా చిన్నదే ఉంటుంది: ఫారాలు జిరాక్స్ తీయడానికి డబ్బులెవరివి అని, లేదా నర్సుకు నైట్ డ్యూటీ మారిందని. మీ శిక్షణ బడ్జెట్‌లో భోజనాలకు ఎంత పెట్టారో చూసి, అందులోంచి కొంత జిరాక్స్‌లకు, రాకపోకల ఖర్చులకు మళ్లించమని అడగండి.

ఆరు వారాల తర్వాత వచ్చే ఆ మూడో రోజున మీరు మాట్లాడాల్సింది చాలా తక్కువ. ఒక్కో బృందానికి పదిహేను నిమిషాలు, వాళ్ల అంకె, వాళ్లు విన్న కారణం, వాళ్లు మార్చాలనుకుంటున్న ఒక్క పని.

ఈలోగా మీ ఫారం తయారయ్యాక ఇక్కడ పెడితే చూసి చెబుతాను. ముఖ్యంగా మెట్రోనిడాజోల్‌ను ఏ గుంపులో పెట్టారో, 'పీసీఎం'ను ఏమని లెక్కపెట్టారో రాయండి.